కోతలమ్మ కోసిన గాజుపోగు

కోతలమ్మ అన్నది ఆమెకు లేజర్ గదివాళ్ళు పెట్టిన పేరు. గాజుపోగు కోయడంలో తనంతటివారు లేరని ఆమె నమ్మకం. ఆ మాట నోరారా చెప్పుకోవడంలో అయితే నిజంగానే లేరు. అదే బల్ల ఆ చివర కూర్చుని లేజర్ జోరు పెంచి తగ్గించే మీట తిప్పేది ఆమె తోటికోడలు. ఇంట్లో ఒకటే వంటిల్లు, ఇక్కడ ఒకటే బల్ల. ఇక చెప్పాలా?

వెంట్రుకంత పోగులోకి మెరుపులు పంపుతారు. రెప్పపాటును కోట్ల ముక్కలు చేసి, అందులో ఒకదాన్ని మళ్ళీ లక్షల ముక్కలు చేస్తే ఎంతో, అంత పొట్టి మెరుపులు. పోగులో ఎంత దూరం పోతే వాటి రంగు అంత మారుతుంది. కావలసిన రంగు వచ్చేదాకా పోగును కోసుకుంటూ రావాలి. ఆ రంగు కంటికి ఆనదు, తెర మీద గుట్టలా కదులుతుంది.

ఆ ఉదయం కంటి డాక్టరమ్మ వస్తోంది. ఆమె అడిగిన రంగుకు తెర మీద గుర్తు పెట్టారు. గుట్ట అక్కడ నిలిస్తే లేజర్ యంత్రం ఆమె ఆసుపత్రికి. లేకపోతే గదికి తాళం, తోటికోడళ్ళిద్దరూ ఇంటికి.

యంత్రం వేడెక్కనిదే పోగు కోయకూడదన్నది ఆ గది కట్టుబాటు.

"ఇంకా కోయలేదా అక్కా? చెయ్యి వణుకుతోందా?" అంది తోటికోడలు.

రోషం ముందు కట్టుబాటెంత? కోసి బిగించేసింది. గుట్ట గుర్తు మీద కూర్చుంది. కోతలమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది.

డాక్టరమ్మ వచ్చేసరికి యంత్రం వేడెక్కి, మెరుపుల జోరు తగ్గి, గుట్ట వెనక్కి జారిపోయింది. పోగు చాలలేదు. అలాంటిది మరొకటి లేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆ గదిని నడిపే సారు.

"చల్లగా ఉండగానే కోసేశాను సారూ."

"జోరు పెంచితే ముందుకొస్తుంది. కానీ కోతలో పిసరంత పెచ్చున్నా పోగు చివర మాడిపోతుంది. భూతద్దంలో చూశావా?"

"చూళ్ళేదు."

ఇప్పుడు తీసి చూద్దామంటే పోగులోకి మెరుపుల గురి చెడుతుంది. మళ్ళీ కుదిరేసరికి డాక్టరమ్మ ఇంట్లో ఉంటుంది.

తోటికోడలు మీట మీద చెయ్యి వేసింది. "తిప్పనా అక్కా? మాడితే నా నెత్తిన రుద్దవుగా?"

"కోసింది నేను. మాడితే నా పేరే చెప్పు. మెల్లగా తిప్పవే తల్లీ."

గుట్ట కదిలింది. ఆగింది. కోతలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ కదిలింది. గుర్తు దగ్గరకొచ్చి, వణికి, నిలబడింది. పోగు చివర మాడలేదు.

డాక్టరమ్మ తెరను చాలాసేపు చూసింది. "నాకు పంపించండి," అంది.

"చెయ్యి వణకలేదులే అక్కా," అంది తోటికోడలు.

కోతలమ్మ కొంగు తీసింది. "నీ పొగడ్తలు తర్వాత. ముందు ఆ మీట వదలకు."