కొండమీది అద్దం, నా నోటి దురద

ఒక్క ఫోటోతో నిండు సెమినార్‌లో నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు అక్కడ ఎవరూ మొహమాటపడలేదు.

అప్పుడు యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. తార్నాకలో బస్సెక్కి క్యాంపస్‌లో దిగేలోపు విశ్వం పుట్టుక మీద తీర్పు చెప్పేసేంత జ్ఞానం నాది. సెమినార్ విషయం: నేలమీది టెలిస్కోపులు మేలా, అంతరిక్షంలోనివా? బాగా మాట్లాడితే, మార్కులేసే మా ప్రొఫెసర్ మేడం దగ్గర ప్రాజెక్టు దొరుకుతుంది.

ప్రొజెక్టర్ సరిచేస్తున్న మా డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్ యాదగిరన్న, నేను తెచ్చిన నెబ్యులా ఫోటో, అంటే చుక్కల మధ్య ధూళిమేఘం ఫోటో, చూసి ఆగాడు.

"తమ్మీ, గీ ఫోటో గురించి ఒక ముచ్చట..."

"తర్వాత అన్నా, టైమ్ లేదు!"

మొదలుపెట్టాను. "గాలి పొరల కింద నుంచి ఆకాశాన్ని చూడటమంటే, ఆవిరి పట్టిన కళ్లద్దాలతో పెళ్లిచూపులకు వెళ్లడమే!" క్లాసు నవ్వింది. నాకు రెక్కలొచ్చాయి. "ఇది అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఫోటో. నేలమీదివి ఏడు జన్మలెత్తినా ఇలా తీయలేవు!"

మేడంది కర్నూలు. కళ్లజోడు సర్దుకుని, "ఏ టెలిస్కోపు నాయనా?" అన్నారు.

"లేటెస్టుది మేడం." అందంగా లేవని, టెలిస్కోపు పేరున్న ఫోటో కింది అక్షరాలు కత్తిరించేసిన మహానుభావుణ్ణి నేనే మరి!

వెనక నుంచి యాదగిరన్న గొంతు మెల్లగా వినిపించింది. "మేడం, గది మన యూనివర్సిటీ కొండ మీది టెలిస్కోప్‌తోని తీసిండ్రు. ఆ అద్దం కడిగినోళ్లల్ల నేనొకన్ని."

హాలు పగలబడి నవ్వింది. నేను నీరుగారిపోయాను.

"మీరే చెప్పండి యాదగిరి గారూ," అన్నారు మేడం.

"పైకి పోయినదానికి గాలి అడ్డం లేదు. గాలి ఆపే కిరణాలు గూడ దానికి దొరుకుతయి. కని ఖరాబైతే పానా పట్టుకొని ఎవరు పోతరు? కిందిదైతే అద్దం ఎంతో పెద్దగ చేస్కోవచ్చు, కడుక్కోవచ్చు, కొత్త కెమెరా పెట్టుకోవచ్చు. రెండూ కావాలె మేడం."

తర్వాత అద్దం కడిగే తీరు చెప్పాడు. ఉంగరాలు, గడియారాలు తీసి పక్కన పెడతారట. గీత పడకుండా, ఊపిరి బిగబట్టి, తడి దూదిని దాని బరువుతోనే జార్చుతారట. అన్న చేతిలో కాగితం ముక్క లేదు, చూపించడానికి బొమ్మ లేదు. సిగ్గు మరిచి నోరెళ్లబెట్టి విన్నాను.

"మార్కులు ఎవరికెయ్యాలప్పా?" అన్నారు మేడం.

"అన్నకే మేడం."

"వేసినా. ప్రాజెక్టు నీకిచ్చినా. పొయ్యి ఆయనతో అద్దం కడుగు."

కడిగాను. ఆ గుంట అద్దంలో నా నోరు ముఖమంత పెద్దగా కనిపించింది. దాని సాక్షిగా, తడి దూది చేతబట్టి ప్రమాణం చేశాను: నేలమీదిదైనా, నింగిలోదైనా, నా చేత్తో అద్దం కడగని ఏ టెలిస్కోపునూ ఈ జన్మలో తిట్టను!