పూజకు దించిన పద్నాలుగు ఫోన్లు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. కంప్యూటర్లయితే రాసింది రాసినట్టు చేస్తాయి. పలమనేరు రోడ్డులో ఒక డెయిరీ ఆఫీసుకు ఇంటర్నెట్ ఫోన్లు పెట్టడానికి వెళ్లినప్పుడూ నాది అదే బుద్ధి.

పని తేలికే. ప్రతి ఫోను అడుగునా ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు పేరుతో సర్వరులో ఒక ఫైలు రాస్తాం, ఈ ఫోను ఫలానా వాళ్లదని. ఏ బల్ల దగ్గర వైరు తగిలించినా ఫోను తన ఫైలు చదువుకుని ఆ మనిషిదైపోతుంది. అచ్చం ఒకేలా ఉన్న పద్నాలుగు ఫోన్లను బల్లల మీద పెట్టి, అన్నీ మోగించి చూశాను.

ఇరవై ఏళ్లుగా, వచ్చిన కాల్స్ కలిపే పాత ఎక్స్ఛేంజి బోర్డు చూసుకునే అక్క మీద మాత్రం మొదటి రోజే అనుమానం పుట్టింది. ఇవి వస్తే పోయేది ఆమె కుర్చీనే. "ఇంగ నేనేం జేయాల నాయనా?" అని అడిగింది కూడా. వైర్లు సర్దుకునే నెపంతో తప్పుకున్నాను.

ఆయుధపూజ తర్వాత ఆఫీసు తెరిచిన రోజే గోల మొదలైంది. యజమాని ఫోను గోడౌనులో మోగింది. పశువుల డాక్టరుది గేటు దగ్గర మోగింది. "ఆవు ఈనలేక కొట్టుకుంటా ఉండాది, రాండి సార్" అని ఎవరో రైతు వాచ్‌మన్‌ను బతిమాలాడట.

సర్వరు గదిలోంచి కదలకుండా ఫైళ్లు పదిసార్లు చదివాను. ఒక్క అక్షరం తేడా లేదు. అంటే ఎవరో మార్చి, మళ్లీ సరిచేసి పెడుతున్నారన్నమాట! పాస్‌వర్డు చీటీ ఒకసారి అక్క బల్ల మీద మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి ఒళ్లు మండింది. బయటికి తొంగి చూస్తే ఆమె బల్ల బల్లకూ తిరుగుతూ, ఫోన్లు తిరగేసి చూస్తూ నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది.

"ఏం రాస్తా ఉండావక్కా?"

"ఇప్పుడు సెప్తే నువ్వు ఇనవులే నాయనా. రాసినాంక సూపిస్తా" అని పుస్తకం మూసేసింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేననుకున్నాను. నేరుగా యజమాని దగ్గరికి వెళ్లి, లోపలి మనిషే ఫైళ్లు గెలుకుతోందని చెప్పాను. ఎవరని అడిగితే ఆమె పేరు చెప్పాను.

"రేపట్నుంచి రావద్దులేమ్మా" అన్నాడాయన. ఆమె టిఫిను డబ్బా సర్దుకుని, నోటుబుక్కు నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

తెరిచాను. మొదటి పేజీలో, నేను పెట్టిన రోజు ఏ బల్ల మీద ఏ నంబరు ఫోను ఉందో వరసగా రాసుంది. రెండో పేజీలో ఇవాళ ఏది ఎక్కడుందో ఉంది. కింద, "పూజకు అన్నీ ఒకే చోట దించినారు. తిరిగి పెట్టేటప్పుడు మారిపోయినాయి" అని ఒక ముక్క.

పూజకు నన్నూ పిలిచారు. పసుపు కుంకుమ పెట్టిన ఆ ఫోన్లను, ఒక చేత్తో బొరుగులు తింటూ, అందినది అందినట్టు బల్లల మీద పెట్టింది నేనే.

అరగంటలో అన్నీ సరయ్యాయి. తప్పు నాదని యజమానితో చెప్పాను. "పోనీలే అబ్బా. ఎట్లయినా ఇంగ ఆమెకు ఈడ పనేముండాది?" అన్నాడు, ఫైలులోంచి తల ఎత్తకుండానే.

సిగ్గుతో కొత్త ఫోనులోంచే అక్కకు చేశాను. క్షమించమని అడిగేలోపే ఆమె అడిగింది.

"డాక్టరు ఆ ఆవు కాడికి పోయినాడా నాయనా?"

ఆ మాట నేను ఎవరినీ అడగలేదు.