నూకరత్నం చూపిన వాలు

నేను రిటైర్ కావడానికి ఇంకా పధ్నాలుగు నెలలు ఉన్నాయనగా, ఓ మే నెలలో, ధవళేశ్వరంలోని మా ఇరిగేషన్ శాఖ అతిథి గృహం పెరటికి చెక్క డెక్ వేయించే పని నాకు అప్పగించారు. అప్పట్లో నేను అసిస్టెంట్ ఇంజనీరును. ముప్ఫై ఏళ్ళు కాలువ గట్లూ తూములూ చూసినవాడికి ఈ పెరడు ఒక లెక్కా అనుకున్నాను. తొలకరి లోపు పూర్తి కావాలని మా పై అధికారి డి.ఈ. గారు గట్టిగా చెప్పారు.

పెరడంతా పాత కాంక్రీటు. ఎండపూట కాలు మోపలేం. దాన్ని పగలగొట్టకుండా పైనే టేకు పలకలు పరచాలి. ముందు కాంక్రీటు మీద వరసగా కర్రలు వేస్తారు, వాటిని జోయిస్టులంటాం. వాటికి అడ్డంగా పలకలు బిగిస్తారు. వాన నీరు దిగడానికి పలకల మధ్య సందు వదులుతారు. దిగిన నీరు కాంక్రీటు వాలు వెంట బయటికి పోవాలి. అడుగున నిలిచిందా, టేకైనా సరే మెత్తబడిపోతుంది. అందుకని లెవెల్ మిషను పెట్టి నాలుగు మూలలా రీడింగులు తీశాను. ఈశాన్యం మూల రెండంగుళాలు పల్లం. మురుగు తూము కూడా అక్కడే ఉంది. కట్టినవాళ్ళు వాస్తు తప్పలేదు కదా అని లెవెల్ పుస్తకంలో రాసి సంతకం పెట్టేశాను.

మండపేట నుంచి వచ్చిన వడ్రంగి సత్యం మేస్త్రి సగం జోయిస్టులు పరిచేశాక, అక్కడి స్వీపరు నూకరత్నం నా దగ్గరికొచ్చింది. పెరటి పడమటి గోడ మధ్యలో ఆవిడ గది గుమ్మం. పురిటికొచ్చిన కూతురు, ఇరవై రోజుల పసివాడితో ఆ గదిలోనే నేల మీద చాప వేసుకుని ఉంటోంది.

"బాబుగారండీ, ఈ చెక్కలేసేత్తే ఇంక నీళ్ళు తోయడం కుదరదాండి?" అంది.

తోసే పనే ఉండదు, హాయిగా కూర్చోమన్నాను.

"అది కాదండీ. తోయకపోతే మా గదిలోకొచ్చేత్తాయండి."

"మిషను అబద్ధం చెబుతుందా ఏంటి?"

"ఆయ్, మిషను సంగతి నాకు తెలవదండి. నీళ్ళ సంగతి తెలుసండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా సర్వీసంతా నీళ్ళ సంగతే మరి. సత్యం మేస్త్రి సుత్తి పక్కన పెట్టి, ఓ బిందె పోయించి చూద్దామండి, పోయేదేముంది అన్నాడు. సరే కానివ్వమన్నాను, ఆవిడ నోరు మూయిద్దామనే ఉద్దేశంతో.

జోయిస్టులు వేయని చోట నూకరత్నం బిందె వంచింది. నీరు తూము వైపు మూరెడు దూరం పోయి ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి ఆవిడ గుమ్మం దగ్గరికి పోయింది. గడప అంగుళం ఎత్తు కూడా లేదు. లోపల కూతురు పిల్లాణ్ణి చాప మీంచి గబుక్కున ఎత్తుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈసారి మూడడుగులకొకటి చొప్పున రీడింగులు తీశాను. మాది నల్లరేగడి నేల. తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. మూలలు కట్టినప్పటిలాగే ఉన్నాయి గానీ, పెరటి నడుమ ఉబ్బింది, గుమ్మం ముందు కుంగింది. నూకరత్నం పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే పెరడు కడిగి, ఆ నీళ్ళను కొబ్బరీనెల చీపురుతో ఉబ్బు దాటించి తూములోకి తోస్తోంది. వాన పడ్డా అంతే. అధికారులు నిద్ర లేచేసరికి పెరడు పొడిగా ఉండేది. దాని వాలు అన్నేళ్ళూ ఆవిడ చీపురులో ఉంది. నేను పలకలు బిగించి ఆ చీపురుకు దారి లేకుండా చేయబోయాను.

జోయిస్టులన్నీ పీకించాను. గుమ్మం ముందు నుంచి ఉబ్బును కోసుకుంటూ తూము దాకా కాంక్రీటులో గాడి తవ్వించాం. గాడి ఎక్కడ మొదలవ్వాలో నూకరత్నం మడమతో గీసి చూపించింది. జోయిస్టులను రాతి బిళ్ళల మీద ఎత్తి, ఈసారి నీరు పోయే దిక్కుగా వేశాం. గాడి మీది పలకలను మాత్రం బిగించలేదు. ఆకులు అడ్డుపడితే ఎత్తి తీసుకోవచ్చు. పని ఆరు రోజులు వెనకబడింది, డి.ఈ. గారి చేత చీవాట్లు తిన్నాను.

తొలకరి వాన గంటసేపు దంచి కొట్టిన రోజు గొడుగేసుకుని వెళ్ళి చూశాను. గడప పొడిగా ఉంది. పిల్లాడు చాప మీద పడుకుని కాళ్ళాడిస్తున్నాడు.

డి.ఈ. గారు తనిఖీకి వచ్చి లెవెల్ పుస్తకం తిరగేశారు. నా మొదటి నాలుగు రీడింగుల కింద, "ఇవి చాలలేదు. వాలు నూకరత్నం చూపిన ప్రకారం" అని నేనే రాసి పెట్టాను.

"ఎవరండీ ఈ నూకరత్నం? ఏ కేడర్?" అని అడిగారు.

"స్వీపరండి" అన్నాను.

ఆయన ఓసారి పడమటి గుమ్మం వైపు చూసి, ఆ వాక్యం కింద సంతకం పెట్టారు. ఆ తర్వాత మిగిలిన సర్వీసులో ఏ పాత నేల మీద పని పడినా, మిషను పెట్టకముందే ఆ నేలను రోజూ కడిగే మనిషిని పిలిపించి అడిగాను.