అన్నయ్య తొక్కిన మ్యాట్

కారు బ్రేకు పాడైతే ఎవరైనా మెకానిక్ దగ్గరికి వెళ్తారు. నేను నిమ్మకాయల దగ్గరికి వెళ్లాను. నా తెలివి అలాంటిది.

కారు మా అన్నయ్యది. ఆయన లెక్కల మాస్టారు. నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే, నన్ను నమ్మనిదీ ఆయనే. నేను నడిపితే పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ ఉండేవాడు. తొక్కి తొక్కి అక్కడి మ్యాట్‌కి మడమంత చిల్లు పడింది. నిరుడు ఆయన పోయాడు. కారూ చిల్లూ నాకు మిగిలాయి.

వానలు మొదలయ్యాక ఒకరోజు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. బ్రేకు మీద కాలు కదపలేదు. అయినా, కింద ఎవరో నా పాదం పట్టుకుని లాగుతున్నట్టు పెడల్ మెల్లగా దిగిపోయింది. కారు ముందున్న ఆటో వైపు జారింది. మళ్లీ తొక్కితే ఆగింది. పక్క సీటు వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తాను. బ్రేకు ఆయిల్ తగ్గలేదు. కింద చుక్క లేదు. ఏదీ కారడం లేదు కాబట్టి తప్పు కారుది కాదనుకున్నాను. అమీర్‌పేటలో నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కొని బంపర్‌కి కట్టాను. ఎర్రమంజిల్ దగ్గర పెడల్ మళ్లీ దిగింది. ఈసారి మా ఆవిడ పక్కనే ఉంది. మీ అన్నయ్యగారు మనల్నీ వెంట తీసుకెళ్లేలా ఉన్నారు, కారు అమ్మేయండి, లేదా నన్ను ఎక్కమనకండి, అంది. ఆయన అలాంటివాడు కాదని వెనకేసుకొచ్చాను. కారుతో పాటు ఆ చిల్లునూ ఎలా అమ్మను?

మర్నాడు యూసుఫ్‌గూడ మెకానిక్ పెడల్ తొక్కిపట్టి, అది దిగడం చూశాడు.

“మాస్టర్ పోయింది సార్.”

తెలుసు, ఏడాదైంది, అనబోయాను.

మాస్టర్ సిలిండరట. లోపలి రబ్బర్లు అరిగితే ఆయిల్ బయటికి కారదట, లోపలే వెనక్కి జారుకుంటుందట. ఆయిల్ కూడా నల్లబడింది, మార్చి ఎన్నేళ్లయిందని అడిగాడు. అన్నయ్యకే తెలియాలి. కొత్త సిలిండర్ బిగించాక, లైన్లలో గాలి తీయాలని నన్ను సీట్లో కూర్చోబెట్టి, తను చక్రం దగ్గర కూర్చున్నాడు.

“తొక్కు సార్. తొక్కు. ఇగ అట్లనే పట్టు. ఇడువకు.”

అన్నయ్య పాఠం అచ్చం ఇదే. అతను నట్టు వదులు చేసినప్పుడల్లా గాలి బుస్సుమంటూ పోయింది. పక్క సీట్లో ఎవరో నిట్టూర్చినట్టే ఉంది.

తిరిగొస్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర తొక్కాను. పెడల్ రాయిలా నిలబడింది. ఎర్రలైటు ఉన్నంతసేపూ ఎదురుచూశాను. ఎవరూ లాగలేదు. బ్రేకు అంత గట్టిగా ఉండడం, నేను అంత ఒంటరిగా ఉండడం, రెండూ ఆ కారులో అదే మొదలు.

ముందు సీట్లో మళ్లీ కూర్చుంటానని మా ఆవిడ ఒప్పుకుంది. అక్కడ కొత్త మ్యాట్ వేసి, చిల్లుది తీసి వెనక సీటు ముందు పరిచాను. బతికుండగా తన కారులో అన్నయ్య ఒక్కసారీ వెనక కూర్చోలేదు. అక్కణ్నుంచి రోడ్డు సరిగ్గా కనబడదు.

ఇక ఎంత తొక్కుకుంటాడో తొక్కుకోమన్నాను.