అమ్మకు వినిపించిన శాక్సు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో నమ్మితే పూట గడవదు. ధర్మవరంలో మాది బ్యాండు మేళం. పెళ్లికి ఎట్లా వాయిస్తామో శవానికీ అట్లాగే వాయిస్తాం. శ్మశానం దాకా ఎన్నిసార్లు పోయి వచ్చానో లెక్కలేదు. దయ్యాలే ఉంటే ముందు మాలాంటివాళ్లకు కనపడాలి కదా. ఒక్కటీ కనపడలేదు.

ఇప్పుడు చెప్పేదాంట్లో కూడా దయ్యం లేదు. పట్టపగలు జరిగింది. విన్నవాళ్లున్నారు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మా నాయన టెనర్ శాక్సు వాయించేవాడు. మామూలుగా కనపడే శాక్సుకంటే పెద్దది, గొంతు కూడా లావు. నాయన వాయిస్తే జలుబు చేసిన మనిషి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడినట్టు ఉండేదని అందరూ అనేవాళ్లు. ఊరేగింపులో డ్రమ్ముల మధ్య ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఇంట్లో వాయించుకునేటప్పుడు మాత్రం బియ్యం ఏరుతున్న అమ్మ చేయి ఆగిపోయేది. మెచ్చుకునేది మాత్రం కాదు. "ఇంగ సాలు, ఈదిలో వాళ్లు తిడ్తారు" అనేది.

తొంభై ఆరులో నాయన గుండెపోటుతో పోయాడు. మా మేళంలో ఒక పద్ధతి ఉంది. శాక్సుగానీ క్లారినెట్టుగానీ వాయించే మనిషి పోతే వాయిద్యం ఇంట్లోనే ఉంటుంది. దాని మౌత్‌పీసు మాత్రం అతనితోపాటు మట్టిలోకి పోతుంది. అది నోట్లో పెట్టుకుని ఊదే ముక్క. ఆ మనిషి ఎంగిలి ఆ మనిషితోనే పోవాలి, ఇంకొకరు ఊదకూడదు అంటారు.

నాయన మౌత్‌పీసు నల్ల రబ్బరుది. పైపళ్లు ఆనేచోట రెండు చిన్న గుంతలు పడ్డాయి. దాన్ని నా చేత్తో నేనే ఆయన చొక్కా జేబులో పెట్టాను. ఆ ఏడుపులో ఇంకేమీ తోచలేదు.

తర్వాత నాయన శాక్సుకు కొత్త మౌత్‌పీసు బిగించి ఊదాను. ఆ గొంతు రాలేదు. శాక్సు గొంతు సగం ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది. దాని కొసకూ రీడుకూ మధ్య సందు ఎంత, లోపలి గూడు ఎంత వెడల్పు అన్నదాన్నిబట్టి శబ్దం మారిపోతుంది. రీడంటే ఊదితే అదిరే పలుచని బద్ద. ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసే మట్టిలో పెట్టి వచ్చాను. ఆ తప్పు నాదే.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. అమ్మ పెనుకొండలో అక్క దగ్గర ఉండేది. ఊపిరితిత్తులు చెడి మంచం పట్టింది. ఒకసారి చూడబోతే నా చేయి పట్టుకుని, "మీ నాయన మొగం గుర్తుండాది రా. ఆ శాక్సు సద్దు మాత్రం గుర్తుకు రాల్యా. ఎంత తల్చుకున్యా రాల్యా" అని ఏడ్చింది. నాయన పోయిన రోజు కూడా ఆమె అంత ఏడవలేదు.

పాత క్యాసెట్లేమైనా ఉన్నాయేమోనని తెలిసిన ఇళ్లన్నీ తిరిగాను. ఒక పెళ్లి వీడియో దొరికింది. దాంట్లో నాయన బుగ్గలు ఉబ్బుతుండడం కనపడుతుంది గానీ వినపడేవన్నీ డ్రమ్ములే.

అమ్మ బతికుండగా ఆ గొంతు ఒక్కసారైనా వినిపించాలని అప్పుడు పట్టుకుంది నాకు. హిందూపురంలో బాషా మామ అని వాయిద్యాలు బాగుచేసే ఆయన ఉండేవాడు, నాయనకు స్నేహితుడు. ఆయన దగ్గర పాత మౌత్‌పీసులు ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉండేవి. మేళం లేని రోజు శాక్సు తీసుకుని హిందూపురం పోవడం, మామ ఇచ్చిన ముక్క ఒకటి తెచ్చుకోవడం, తిరిగి వస్తూ పెనుకొండలో దిగి అమ్మ మంచం పక్కన ఊదడం. ఇదే పని.

మొదట ఇత్తడిది తెచ్చాను. "ఇదేందిరా, ఎవురో కొట్లాడుకుంటాండారు" అంది అమ్మ. తర్వాత సందు బాగా సన్నగా ఉన్నది తెచ్చాను. "ఇది మీ నాయన కాదు, బళ్లో అయివారు" అంది. అక్కా నేనూ నవ్వాం. అమ్మ కూడా నవ్వబోయి దగ్గులో పడిపోయింది. ఆ తర్వాత తెచ్చినవాటికి మాటలు కూడా తగ్గాయి. తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగేది.

ఆ రోజు శుక్రవారం. ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, మాకు పని లేదు. బాషా మామ తెల్లచొక్కా వేసుకుని జుమ్మా నమాజుకు బయలుదేరుతున్నాడు. డబ్బా అడుగు నుంచి ఒకటి తీసి, "ఇదొగటి మిగిలిండాది. బాంగు ఇచ్చే లోపల ఊదబ్బా" అన్నాడు. నల్ల రబ్బరుది, మీద పేరు అరిగిపోయింది. లోపలి గూడు వెడల్పుగా ఉంది.

రీడు బిగించి, నాయన ఇంట్లో ఎప్పుడూ మొదలుపెట్టే పాట ఎత్తుకున్నాను. శబ్దం రాలేదు.

గాలి పోతోంది. వేళ్ల కింద మూతలు కదులుతున్నాయి. పెదవి మీద రీడు అదరడం కూడా తెలుస్తోంది. శబ్దం మాత్రం లేదు. ఎందుకు ఆపలేదో నాకు తెలియదు, పాట మొత్తం అట్లాగే ఊదాను. మామ నా వైపే చూస్తూ, "ఏమబ్బా, ఊదు మరి" అన్నాడు. "ఊదుతానే ఉండా మామా" అన్నాను. అంతలో మసీదులో నమాజుకు పిలిచే బాంగు మొదలైంది.

మామ నమాజు నుంచి వచ్చి శాక్సంతా విప్పి చూశాడు. రీడు చీలలేదు, మూతలు బాగానే ఉన్నాయి. మళ్లీ ఊదితే శబ్దం వచ్చింది. మామూలు శబ్దమే. అయినా వట్టి చేతులతో పోలేక దాన్నే తీసుకుని బస్సెక్కాను.

పెనుకొండలో ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. అక్క వాకిట్లోనే నన్ను పట్టుకుంది. "ఏమిరా, ఇంట్లోకన్నా రాకుండా ఈదిలోనే వాయించి యాడికి పోయింటివి?" అంది. నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం శాక్సు వినపడిందట. నేనే వచ్చాననుకుని బయటికొచ్చి చూస్తే ఎవరూ లేరట. పాట అయిపోగానే పెనుకొండ మసీదులో బాంగు ఇచ్చారట. ఎదురింటి అంజినమ్మ కూడా, నేను ఏమీ అడగకముందే, "ఈ పొద్దు బాగా వాయిస్తివప్పా" అంది. ఆ చుట్టుపక్కల పెళ్లిగానీ చావుగానీ ఏదీ లేదని తర్వాత విచారించాను.

లోపల అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పది రోజులుగా లేవలేని మనిషి.

"అదే రా. మీ నాయనదే" అంది. ఆమె మొహం అంత తేటగా ఉండటం చూసి ఎంతకాలమైందో. "ఇంగొగసారి వాయించు" అంది.

ఊదాను. అమ్మ చెవి పెట్టి వింది. "ఇది కాదప్పా. మద్దేనం వాయించిండేదాంతో వాయించు" అంది.

అదే ముక్క అని నేను చెప్పలేదు. బాషా మామకు తిరిగి ఇచ్చేశానని అబద్ధం చెప్పాను. "పోనీలే. ఒగసారి వింటి, సాలు" అని నా చేయి నిమిరింది. నాలుగో రోజు పోయింది.

హిందూపురంలో బాషా మామ అంగట్లో ఊదితే గంట పైన బస్సు ప్రయాణమున్న పెనుకొండలో ఎట్లా వినపడుతుంది? అంగట్లో ఎదురుగా ఉన్న మనిషికి ఎందుకు వినపడలేదు? మామను ఎన్నోసార్లు అడిగాను. ఆయనా ఏమీ వినలేదనే చెప్పాడు. ఇప్పుడాయన కూడా లేడు.

ఆ ముక్క నా దగ్గరే ఉంది. శుక్రవారం ఇంట్లో ఉంటే బాంగుకు ముందు ఒకసారి ఊదుతాను. శబ్దం రాకుండా పోతుందేమోనని చూస్తాను. ప్రతిసారీ వస్తుంది.

ఇంకొకటి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాయన శాక్సు ఎట్లుండేదో అమ్మకంటే ముందే నేను మరిచిపోయాను. అది కాదు, ఇది కాదు అని అమ్మ చెప్తుంటే దాన్నిబట్టే వెతుక్కుంటూ పోయాను. ఆమె విన్నది. అక్క విన్నది, ఎదురింటామె విన్నది. ఊదిన నేను వినలేదు. ఇప్పుడు నేను ఏది ఊదినా, ఇది కాదని చెప్పడానికి అమ్మ లేదు.