లైట్ మీటర్‌లో నేను చూడని సున్నా

ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను కోంట వైపు ఒక ఠాణాకు పోలీసు ఫోటోగ్రాఫర్‌గా వేశారు. హోదా హెడ్ కానిస్టేబుల్‌ది. నేరస్థలాలకు, గుర్తు తెలియని శవాలకు ఫోటోలు తీయడం పని.

చేరిన వారానికే వాగు దాటుతూ లైట్ మీటర్‌ను నీళ్లలో పడేశాను. వెలుతురు ఎంతుందో చెప్పే చిన్న పరికరం అది. కొత్తది అడిగితే చీవాట్లు తప్పవు. అందుకని క్వార్టర్‌లోనే ఆరబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో పరీక్షించాను. వంద స్పీడు ఫిల్ముకు, షట్టర్ సెకనులో నూట పాతికో వంతు తెరిస్తే, లెన్సు తెరిచే కొలత పదహారు అని చూపాలి. పదకొండు చూపింది, అంటే ఉన్న వెలుతురు కంటే తక్కువ. వెనక మర తిప్పి ముల్లును పదహారు మీదికి తెచ్చాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

నాలుగో రోజు వాగులో ఒక మగ శవం కొట్టుకొచ్చింది. ఒంటి మీద నూలుపోగు లేదు. పైన మబ్బు, చుట్టూ చెట్ల నీడ. మీటర్ చెప్పినట్టే ముఖం తీశాను. శవాన్ని ఉంచే వీల్లేక పంచనామా, పోస్టుమార్టం ముగించి పూడ్చేశారు. ఇక గుర్తుపట్టడానికి మిగిలింది నా ఫోటోయే.

ఫిల్మును కడగడానికి జగదల్‌పూర్ పంపాక, ఒక ఉదయం ఊరికే వెలుతురు పడే మీటర్ కంటిని అరచేత్తో మూశాను. సున్నా చూపాల్సిన ముల్లు రెండు గీతలు పైన నిలబడింది. నేను తిప్పిన మర ముల్లును మొత్తంగా పైకి జరిపింది; సరిపోయింది ఎండలో మాత్రమే. నీడలో అది లేని వెలుతురును ఉన్నట్టు చూపి ఉంటుంది, ఫోటో నల్లబడి ఉంటుంది. ఠాణా అధికారి దరోగాకు చెప్పాలంటే భయం. ఐదు రోజులు నోరు మెదపలేదు, సరిగా అన్నం తినలేదు.

ఫోటో వచ్చిన రోజే పామేడు వైపు నుంచి లచ్చమ్మ అనే కూలీ మనిషి వచ్చింది. భర్త కనిపించక పది రోజులు దాటిందట. నేను దరోగా గదిలోకి వెళ్లేసరికే ఆమె చేతికి ఫోటో ఇచ్చేశాడు. అందులో ముఖం బొగ్గులా ఉంది.

"మా ఆయన ఇంత నలుపు గాదు సారూ," అంది. ఆమె ముఖం తేటపడింది. తన భర్త కాడని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి గేటు దాకా నడిచింది.

ఆమె మాటే నిజమైపోతే బాగుండుననిపించింది. చివరికి దరోగా వింటుండగానే కేకేశాను: "ఆగమ్మా. ఆ నలుపు మనిషిది కాదు. నా మీటర్‌ది."

ఫిల్ము కడిగే వీలు లేకపోయినా ప్రింటు వేసే సామాను నా దగ్గరుంది. నెగెటివ్ తీసుకుని క్వార్టర్‌లో స్నానాల గది చీకటి చేసి, ఈసారి పలుచగా ప్రింటు వేశాను. మందు నీళ్ల ట్రేలో ముఖం తేలుతుంటే చూడడానికి భయం వేసింది. తడి ఆరకముందే తెచ్చి ఆమెకిచ్చాను. ఫోటోలో నొసటి మీద వేలు పెట్టింది.

"ఈ నొసటి గాటు కట్టెలు కొడతాంటే తగిలింది," అంది. "ఈయన మా ఆయనే."

దరోగా పాత కాగితం కొట్టేసి కొత్త వాంగ్మూలం రాశాడు. నాకు మెమో ఇచ్చాడు.

రిటైరయ్యే దాకా ఏ మీటర్‌నైనా ముందు అరచేత్తో మూసి చూశాను. ముల్లు సున్నాకు రాకపోతే ఎండలో ఎంత సరిగ్గా చూపినా దాన్ని నమ్మకూడదు. తప్పు తెలిస్తే ఆ రోజే చెప్పాలి. నేను చెప్పి ఉంటే, భర్త బతికే ఉన్నాడనుకుని లచ్చమ్మ ఠాణా గేటు దాకా నడిచి ఉండేది కాదు.