నాన్న కుట్టిన గ్రీకు కవచం

సినిమాలో గ్రీకు సైనికుడు చొక్కా లేకుండా యుద్ధానికి బయల్దేరితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎదురుగా వేల బల్లేలు నిలబడి ఉంటే బుద్ధున్నవాడెవడైనా ఛాతీ విప్పుకుని పోతాడా? నా సణుగుడు భరించలేక మా ఇంట్లోవాళ్లు నాతో కలిసి అలాంటి సినిమాలు చూడటం ఎప్పుడో మానేశారు. అయితే ఆ మంటలో చరిత్ర మీద ప్రేమ సగమే. మిగతా సగం ఒక మధ్యాహ్నం చిలకలూరిపేటలో ఓ స్కూలు గ్రౌండులో నేను నోరు మూసుకుని నిలబడటం వల్ల వచ్చింది. ఈ సంగతి ఇంతవరకూ బయట ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయి ఉంటుంది. పేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను సోషల్ మాస్టారిని. గ్రీకు వీరుల మీద తీసిన ఇంగ్లీషు సినిమా ఒకటి తెలుగు మాటలతో మా ఊరి హాల్లోకి వచ్చింది. తోలు లాగులు, ఎర్ర దుప్పట్లు, నూనె రాసిన కండలు. కత్తి తగిలితే కంచు కవచం అరటిబోదెలా తెగిపోవడం. హీరో మొహం కనపడాలి కాబట్టి యుద్ధం నడిమధ్య శిరస్త్రాణం తీసి పారెయ్యడం. మా పిల్లలు నాలుగైదుసార్లు చూసొచ్చి స్కేళ్లతో పొడుచుకోవడం మొదలుపెట్టారు. వార్షికోత్సవానికి జీలం నది ఒడ్డున మన రాజుకీ గ్రీకు రాజుకీ జరిగిన యుద్ధం నాటకంగా వెయ్యాలనీ, డ్రెస్సులు అచ్చం సినిమాలో లాగే ఉండాలనీ కరస్పాండెంటు గారు తేల్చేశారు. విజయవాడ నుంచి అద్దెకు తెప్పిస్తామన్నారు.

నేనూరుకుంటానా? స్టాఫ్ రూములో లేచి నిలబడ్డాను. గుంటూరు లైబ్రరీలో తిరగేసిన లావుపాటి బొమ్మల పుస్తకం, నెట్ సెంటర్లో కూర్చుని చదివినవీ అన్నీ కక్కేశాను. గ్రీకులు ముందు కంచు రేకును మనిషి ఛాతీలా సాగగొట్టి తొడుక్కునేవాళ్లనీ, తర్వాత చాలామంది గుడ్డ కవచంలోకి మారారనీ చెప్పాను. అవిసె నార గుడ్డను పొరమీద పొరవేసి మందంగా చేసి, ఒంటి చుట్టూ తిప్పి పక్కన కట్టుకునేవారు. భుజాల మీంచి రెండు పట్టీలు ముందుకు వంచి ఛాతీ దగ్గర తాళ్లతో బిగించేవారు. కుండల మీద వాళ్లు గీసుకున్న బొమ్మల్లో అదంతా స్పష్టంగా ఉంది. మన దేశం మీదికొచ్చిన ఆ రాజు కూడా గుడ్డ కవచం తొడిగాడని పాతకాలం వాళ్లు రాశారు. నిజానికి అలాంటి కవచం ఒక్కటి కూడా చెక్కుచెదరకుండా మనకు మిగల్లేదు. పొరల్ని జిగురుతో అతికించారా, దారంతో కుట్టారా, అసలు కొన్ని తోలువా అని పండితులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ ముక్క మాత్రం నేను మింగేశాను. చెబితే నా వాదన పలచబడుతుందని భయం.

"అంటే పరుపు చుట్టుకుని యుద్ధానికి పోయారంటారు. దిండ్లు కూడా పట్టుకెళ్లారా మాస్టారూ?" అన్నాడు లెక్కల మాస్టారు.

అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వులో ముల్లుంది. మాది దూదేకుల ఇల్లు. తాత కాలం నుంచీ దూది ఏకడం, పరుపులు కుట్టడం మా పని. మా నాన్న అప్పటికీ కుడుతూనే ఉన్నాడు, ఆ లెక్కల మాస్టారింట్లో పరుపులు కూడా ఆయన కుట్టినవే. నాకు తిక్క నెత్తికెక్కింది.

"మా నాన్నచేతే కుట్టిస్తాను. బల్లెం దిగితే అప్పుడు నవ్వండి" అన్నాను.

కరస్పాండెంటు గారికి ఈ పందెం నచ్చింది. "గోనెసంచికి తొడిగి, అందరి ముందూ పొడిచి చూపించండి. దిగకపోతే పిల్లలందరికీ మీరు చెప్పిన డ్రెస్సే" అన్నారు.

నాన్నకి అరవై దాటాయి. దబ్బనం పట్టి పట్టి కుడిచేతి వేళ్లు కాయలు కాచి ఉండేవి. మన దేశంలో చెట్లకు ఉన్ని కాస్తుందని గ్రీకులు మన పత్తి గురించి రాసుకున్నారని చెబితే తెగ సంబరపడ్డాడు. "అయితే ఆళ్లకి మనమంటే తెలుసన్నమాట" అన్నాడు. అవిసె నార గుడ్డ దొరకదు కాబట్టి చీరాల నుంచి ముతక నేత గుడ్డ తెప్పించాను. దూది వద్దనీ, గుడ్డ పొరల మధ్య చిక్కటి గంజి పట్టించి, ఆరాక బిగుతుగా కుట్టాలనీ చెప్పాను. అన్నిటికీ తలూపాడు. మూడో రోజు చూస్తే పొరకీ పొరకీ మధ్య పల్చగా దూది పరుస్తున్నాడు.

"దూదెందుకు నాన్నా? గుడ్డమీద గుడ్డ బిగుతుగా ఉండాలి."

"దూది లేకుండా ఎట్టా నిలబడిద్దిరా? ఉత్త గుడ్డ గుడ్డే. దెబ్బని మింగేది దూదే."

కర్ర దెబ్బనైతే మింగుతుంది. కాని మొనకు దూదిలో దారి దొరుకుతుంది. బిగించిన గుడ్డయితేనే దాన్ని పట్టుకుని ఆపుతుంది. ఆ తేడా నాకు తెలుసు. నాన్నకి మాత్రం దూది లేని వస్తువు ఏదైనా సగం చేసి వదిలేసినట్టే. నలభై ఏళ్ల పనితనం ముందు కూర్చుని పుస్తకంలో చదివిన ముక్కతో వంక పెట్టడానికి నాకు నోరు రాలేదు. నడుం నొప్పికి తువ్వాలు బిగించుకుని తొమ్మిది రోజులు కుట్టాడు. పూర్తయ్యాక చూస్తే అచ్చం కుండ మీది బొమ్మ. తెల్లగా, బిర్రుగా, నేల మీద పెడితే దానంతటదే నిలబడింది.

చూపించాల్సిన రోజుకి ముందు సాయంత్రం, మా వ్యాయామం సారు దగ్గర జావెలిన్ అడిగి తెచ్చుకున్నాను. ఆయన్ని మేమంతా డ్రిల్లు మాస్టారు అనేవాళ్లం. నాన్న నమాజుకి వెళ్లగానే దొడ్లో ఊకబస్తాకి కవచం తొడిగాను. మొదటి పోటు ఛాతీ మీద. భుజం పట్టీ అడ్డం పడి మొన ఆగిపోయింది. ఎగిరి గంతేసినంత పనిచేశాను. రెండోది పక్కటెముకల దగ్గర పొడిచాను. పెద్ద బలం కూడా పెట్టలేదు. కసుక్కున దిగింది. బయటికి లాగి, ఊక అంటిన మేర కొలుచుకున్నాను. నాలుగు వేళ్లు.

తర్వాత ఏం చేశానో రాయడానికి సిగ్గేస్తోంది. చిల్లులోంచి పైకొచ్చిన దూదిని వేలితో లోపలికి తోసి, పైన గంజి రాసి, ఆరేదాకా బొటనవేలితో రుద్దాను.

నాన్న వచ్చాడు. "ఏరా, చూశావా? దిగిందా?"

"లేదు నాన్నా."

ఆయన మొహం చూసి జాలేసి అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉంది, కాదనను. కానీ లెక్కల మాస్టారి నవ్వు అంతకన్నా గట్టిగా వినిపిస్తోంది. పొడిచేది బస్తానే కదా, డ్రిల్లు మాస్టారి చెవిలో ఛాతీ మీదే పొడవమని చెబితే సరిపోతుంది అనుకున్నాను.

మర్నాడు శనివారం, మధ్యాహ్నం బెల్లయ్యాక అందరం గ్రౌండులోకి చేరాం. కవచం తొడిగిన ఊకబస్తాని మధ్యలో నిలబెట్టాం. పక్క చేలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు తుమ్ముతున్నారు. కరస్పాండెంటు గారు ఇంకా రాలేదు. నాన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకుని నా స్కూటరు వెనక కూర్చుని వచ్చాడు. ఆయన్ని రమ్మని నేను పిలవలేదు. తన పని నలుగురూ చూస్తుంటే చూద్దామని ఆయనే బయల్దేరాడు.

"పెద్దాయనా, పరుపు బానే ఉంది గానీ, దీని మీద పడుకోవాలా, దీన్ని తొడుక్కోవాలా?" అన్నాడు లెక్కల మాస్టారు.

నాన్న నవ్వలేదు. బస్తా దగ్గరికి వెళ్లి కవచాన్ని తీసి తను తొడుక్కోవడం మొదలుపెట్టాడు. "బస్తాకేం తెలుసుద్దండీ? నేనే ఉంటా. పొడవండి" అన్నాడు.

ఒక్కసారిగా గోల తగ్గింది. లెక్కల మాస్టారు కూడా "వద్దులెండి, ఊరికే అన్నా" అన్నాడు. నాన్న ఛాతీ దగ్గర తాళ్లు ముడేసుకుంటూ అందరికీ వినపడేట్టు చెప్పాడు. "భయం లేదండీ. మావాడు నిన్న పరీక్ష చేసి చూశాడు. దిగలేదు."

డ్రిల్లు మాస్టారు జావెలిన్ పట్టుకుని నా వైపు తిరిగాడు. పాతికేళ్లవాడు, ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా కాలేదు. "ఏం మాస్టారూ, పొడవమంటారా?"

ఒక్క మాట చాలు. వద్దు అంటే చాలు. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఛాతీ మీద... మెల్లగా" అన్నాను.

"ఛాతీ మీదెందుకండీ? అక్కడ పట్టీలు అడ్డముంటయ్. ఇక్కడ పొడవండి." నాన్న ఎడమచెయ్యి పైకెత్తి పక్కటెముకలు చూపించాడు. నేను రుద్దిన చోటుకి ఆయన వేలు జానెడు దూరంలో ఉంది. "మొహమాటపడమాకండి. గట్టిగానే పొడవండి."

డ్రిల్లు మాస్టారు కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. జావెలిన్ వెనక్కి లాగాడు. నాన్నా, వద్దు అనుకుంటున్నాను, లోపలే. మొన కదిలింది. నాన్న కళ్లు మూసుకోలేదు. నా వైపు చూసి చిన్నగా నవ్వాడు కూడా. ఇంత చెబుతున్నాను గదా, చివరికి అరిచాననో, అడ్డం పడ్డాననో రాసుకోవచ్చు. అరవలేదు. అడ్డం పడలేదు. కాలు కూడా కదపలేదు.

జావెలిన్ కిందికి దిగింది.

"నా వల్ల కాదండీ" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "పెద్దాయన మీద చెయ్యి రావట్లా. ఎవరేమనుకున్నా సరే."

నాన్నకి కోపం వచ్చింది. నేను చెప్తున్నా గదా అని ఆయన, వద్దండీ అని ఈయన. ఇంతలో కరస్పాండెంటు గారి కారొచ్చింది. సంగతి విని నాన్నని కసిరినంత పనిచేసి, కవచం విప్పించి బస్తాకి తొడిగించారు. ఈసారి డ్రిల్లు మాస్టారు మనసులో బరువు దిగినవాడిలా, ఉన్న బలమంతా పెట్టి, నాన్న చూపించిన చోటే పొడిచాడు.

జావెలిన్ బస్తాలో జానెడు దిగి అక్కడే నిలబడిపోయింది.

ఎవరూ నవ్వలేదు, లెక్కల మాస్టారు కూడా. అందరూ బస్తాని చూశారు, తర్వాత నాన్నని చూశారు. నాన్న నన్ను చూశాడు. కరస్పాండెంటు గారు గొంతు సవరించుకుని, "విజయవాడ వాళ్లకి ఫోన్ చేస్తాను" అని వెళ్లిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద పత్తి లారీల వెనక మెల్లగా పోతున్నాం. కవచం నాన్న ఒళ్లో ఉంది. ఎప్పుడూ నా భుజం మీద ఉండే చెయ్యి ఆ రోజు వెయ్యలేదు. జిన్నింగు మిల్లు దాటాక అడిగాడు.

"నిన్న దిగిందా?"

స్కూటరు పక్కకి ఆపాను. వెనక్కి తిరగలేకపోయాను. "దిగింది నాన్నా. నాలుగు వేళ్లు."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. లారీలు పోతూనే ఉన్నాయి.

"ఆ డ్రిల్లు మాస్టారు మంచోడురా" అన్నాడు చివరికి. "నేనేం వాళ్ల నాన్నని కాదు గదా. అయినా చెయ్యి రాలేదు ఆయనకి."

ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు నాన్న. ఆ మాటకి జవాబు నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.